మొదటి సగం ఒకటి, రెండో సగం ఇంకొకటి

ఎల్బీనగర్ మల్టీప్లెక్స్‌కు నేను శాలువా లేకుండా పోను. బయట మే నెల ఎండకు తారు రోడ్డు చెప్పులకు అంటుకుంటున్నా సరే, చంకలో శాలువా ఉండాల్సిందే. లోపల అంత చలి ఎవరి కోసం పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. డబ్బులిచ్చి వణకడం ఏం సరదా? మా కాలంలో దిల్‌సుఖ్‌నగర్ హాల్లో పైన నాలుగు ఫ్యాన్లు ఉండేవి. వాటిలో రెండు తిరిగేవి, రెండు చప్పుడు మాత్రం చేసేవి. అయినా సినిమా బాగుంటే, ఇంటికొచ్చి మొహం కడుక్కునేదాకా చెమట పట్టిందన్న సంగతే తెలిసేది కాదు.

ఇప్పటి హాలులో హీరో తలుపు తీస్తే పిడుగు పడుతుంది. తలుపు వేస్తే రెండో పిడుగు. మాటలు మాత్రం నోట్లోనే నములుకుంటారు. ఏమన్నాడో పక్కవాళ్ళను అడుగుదామంటే వాళ్ళు ఫోను చూసుకుంటుంటారు. ఫోను చూడటానికి ఇంతదూరం రావాలా, ఇంట్లో గోడకు ఆనుకుని చూసుకోవచ్చు కదా అని ఒకసారి ఒక పిల్లవాణ్ణి అడిగాను కూడా. "ఇంట్ల ఏసీ లేదమ్మా" అన్నాడు. నిజం చెప్పినవాణ్ణి ఏం తిడతాం?

ఇక పేలాలు. మా చేలో మక్కలు పండించి, ఇసుకలో వేయించుకుని, ఒళ్ళో పోసుకుని తిన్నదాన్ని నేను. అదే మక్కను బకెట్టులో పోసి అమ్ముతుంటే కొనడానికి నా చెయ్యి లేవదు. బయటి తిండి తేవద్దని తలుపు దగ్గర సంచులు వెతుకుతారు. వెతకనీ. రెండు సర్వపిండి ముక్కలు శుభ్రమైన గుడ్డలో చుట్టి నడుము దగ్గర చీరలో దోపుకుంటే, ముసలిదాన్ని చీర విదిలించమని ఏ అమ్మాయీ అడగదు. ఇది తప్పని నా మనవరాలు అంటుంది. నాది తప్పయితే గుప్పెడు పేలాలకు పప్పన్నం ధర పెట్టడాన్ని ఏమంటారో అది కూడా చెప్పమన్నాను. ఇంతవరకు చెప్పలేదు.

ఇన్ని వంకలు పెట్టినా, కొత్త సినిమా వచ్చిన వారమల్లా పోతాను. పొద్దున్నే వేసే ఆటకు టికెట్ తక్కువ, జనం తక్కువ. మనవరాలు ఫోనులో టికెట్ తీసి, స్క్రీను నంబరు, సీటు నంబరు కాగితం మీద పెద్దగా రాసిస్తుంది. నేను అల్మాస్‌గూడలో షేర్ ఆటో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగుతాను. పోయేది నా ఒక్కదాని ముచ్చటకే అయితే ఎప్పుడో మానేసేదాన్ని. నేను చూసి వచ్చి చెప్పాలి. నా కోసం ఎదురుచూసేవాళ్ళుంటారు.

సినిమా చెప్పడం నాకు చిన్నప్పుడే పట్టుబడిన పని. నేను చదివింది మూడో తరగతి. నాలుగో తరగతికి పోవాల్సిన ఏడాది కలుపు పనికి పోయాను. అప్పుడు అల్మాస్‌గూడ అంటే ఊరు, ఊరి చుట్టూ చేలు. పది పన్నెండు మంది ఆడవాళ్ళం వరుసగా కూర్చుని, ఎవరి మునుం, అంటే ఎవరి వంతు సాళ్ళు, వాళ్ళు పట్టుకుని కలుపు తీస్తూ ముందుకు జరిగేవాళ్ళం. అందులో ఎవరైనా దిల్‌సుఖ్‌నగర్ పోయి సినిమా చూసివస్తే మర్నాడు ఆమె పని కథ చెప్పడమే. ఆమె మునుం అటువైపామె సగం, ఇటువైపామె సగం తీసేవాళ్ళు. ఊరికే కాదు, దానికొక కట్టు ఉండేది. చూసింది చెప్పాలి, లేనిది కలపకూడదు. తర్వాత ఇంకొకామె అదే సినిమా చూసి వచ్చి "గట్ల లేదు" అన్నదంటే, కథ చెప్పినామె మూడు రోజులు పక్కవాళ్ళ మునుం కూడా తీయాలి. నేను పెళ్ళికి ముందు నాలుగేళ్ళు చెప్పాను. ఒక్కరోజు కూడా ఇంకొకరి కలుపు తీయలేదు.

ఆ చేలల్లో ఇప్పుడు మూడంతస్తుల ఇళ్ళు లేచాయి. మాదీ అంతే. కింద మేముంటాం, పైవి కిరాయికిచ్చాం. మధ్యాహ్నం మూడు దాటాక మా ఇంటి ముందు బండ్లు పెట్టే జాగాలో ఆడవాళ్ళు చేరతారు. కూర తుంచేవాళ్ళు, పూలు కట్టేవాళ్ళు, ఊరికే కాళ్ళు చాపుకునేవాళ్ళు. నేను చూసొచ్చిన సినిమా అక్కడ చెబుతాను. చూడదగ్గదా కాదా అన్నది చివర ఒక్క మాటలో చెబుతాను. నా మాట మీదే టికెట్లు కొంటారు.

మా పక్కింటి టీచరమ్మ మాత్రం ఫోను మీద నమ్మకం ఉన్న మనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే బడిలో పనిచేసి రిటైరైంది.

"రెండున్నర స్టార్లే ఇచ్చారండీ అక్కయ్యగారూ" అంటుంది నేను నోరు విప్పకముందే.

"ఎవలిచ్చిండ్రు?"

"ఎవరో విలేకరి అండి. పేరు కూడా వేసుకున్నాడు."

"ఆయన టికెట్ కొన్నడా?"

"వాళ్ళకి ఊరికే చూపిస్తారనుకుంటానండి."

"ఊకె చూసినోనికి తిట్టే హక్కు లేదు, మెచ్చే హక్కు లేదు. నేను టికెట్ కొని, చలికి వణుక్కుంట చూసొచ్చిన. నా మాటిను."

వినేవాళ్ళలో అందరికన్నా ముఖ్యమైన మనిషి కిటికీ లోపల ఉంటుంది. ఆమె మా వదినె, నా భర్తకు అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నేను కాపురానికి వచ్చిన్నాటి నుంచి ఆమె, నేను ఒకే ఇంట్లో ఉన్నాం. కలిసి చూసిన సినిమాలకు లెక్కలేదు. నాకు మనవరాలు పుట్టి కాలేజీకి పోతున్నా ఆమె నన్ను "పిల్లా" అనే పిలుస్తుంది. ఏడాదిన్నర కింద స్నానాల గదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. దవాఖానలో ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. అతుక్కుంది. నడవాలి, నడవకపోతే ఇక మంచమే అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చి వాకర్ ముందు పెట్టేది. మా వదినె దాన్ని పాము వంక చూసినట్టు చూసేది.

"మల్ల పడితే ఎవలు ఎత్తుతరు బిడ్డా? నాకు గీ మంచం మంచిగున్నది."

బతిమాలాం. తిట్టాం. తిట్టడంలో నాకు పేరుంది, అదీ పనిచేయలేదు. మంచం కిటికీ పక్కన వేయించుకుని, నేను బయట కూర్చుని చెప్పే సినిమా లోపల నుంచి వినడం, మధ్యలో "జర గట్టిగ చెప్పు పిల్లా" అని అరవడం, అంతే ఆమె లోకం. కాళ్ళు రోజురోజుకూ సన్నబడుతుంటే రాత్రి నూనె రాస్తూ నేనే చూశాను. ఇంకో ఆరు నెలలైతే కోరుకున్నా లేవలేదని అమ్మాయి నాతో విడిగా చెప్పింది.

ఆ రోజుల్లో ఒక సోమవారం నేను పొద్దుటి ఆటకు పోయాను. సినిమా ఓడరేవు గూండాల కథ. హీరోకు నిండా గడ్డం. చిన్నప్పుడు గుడిసె కాలి తల్లి చనిపోతుంది. పెద్దయ్యాక కనబడ్డవాణ్ణల్లా నరుకుతుంటాడు. ఎవరిని ఎందుకు నరుకుతున్నాడో చెప్పేలోపు ఇంకొకణ్ణి నరుకుతాడు. బ్యాంకులో పనిచేసే పిల్ల అతన్ని ప్రేమిస్తుంది, కారణం దేవుడికే తెలియాలి. సరిగ్గా ఇంటర్వెల్‌కు ముందు శత్రువులు అతన్ని బండరాయికి కట్టి సముద్రంలో పడేశారు.

నేను బయటికొచ్చాను. మరుగుదొడ్డి దగ్గర వరుస పెద్దగా ఉంది. అది అయ్యాక ఒక మూలన నిలబడి సర్వపిండి తిన్నాను. సర్వపిండి నిమ్మళంగా నమలాలి, తొందరపడితే గొంతుకు అడ్డం పడుతుంది. తిరిగి వచ్చేసరికి ఆట మొదలైపోయింది. చీకట్లో మెట్లు తడుముకుంటూ, పైనుంచి మూడో వరుసలో దారి పక్క సీటు చూసుకుని కూర్చున్నాను. సీటు ఖాళీగానే ఉంది. పొద్దుటి ఆటకు అన్నీ ఖాళీగానే ఉంటాయి.

తెర మీద కొండ ఊరు. గడ్డపాయన కట్టెలు మోసుకుని వస్తున్నాడు. బతికాడన్నమాట అనుకున్నాను. సముద్రంలో పడ్డవాడు కొండ మీద తేలాడేమిటని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఈ మధ్య సినిమాల్లో నీళ్ళు ఎటైనా పారతాయి. పిలుస్తున్న పేరు వేరే. దొంగపేరు పెట్టుకున్నాడనుకున్నాను. ఎక్కువ మాట్లాడటం లేదు. దెబ్బకు మతి పోయిందనుకున్నాను. బ్యాంకు పిల్ల మళ్ళీ కనబడలేదు. ఇంటర్వెల్ తర్వాత హీరోయిన్ కనబడకపోవడం ఇప్పుడు మామూలే కాబట్టి దాని గురించి ఆలోచించలేదు. కాలికి కట్టుతో మంచం పట్టిన ఒక ముసలామెను "అమ్మా" అని పిలిచి అన్నం తినిపిస్తున్నాడు. కాలిపోయిన తల్లి బతికే ఉందా అని నా మనసు కొట్టుకుంది. చచ్చినవాళ్ళు లేచి రావడం కూడా మామూలే.

మొహం పోల్చుకోలేదా అని తర్వాత అందరూ అడిగారు. అంత గడ్డంలో మొహం ఎక్కడుందని పోల్చుకోను? హీరోలందరూ ఒక్కటై మంగలిని బహిష్కరించినట్టు తిరుగుతుంటే చూసేవాళ్ళ తప్పా?

కానీ ఆ రెండో సగం నన్ను కట్టిపడేసింది. అతని మీద ఖూనీ నేరం మోపారు. ఆ రాత్రి అతను ఊరి చివర ముసలామె గుడిసె ముందు ఉన్నాడని చెప్పగలిగింది ఆమె ఒక్కతే. ఇక నడవలేదని ఊరంతా తేల్చేసిన ఆ ముసలామె, బండి దిగి, రెండు కర్రలు పట్టుకుని, కోర్టు మెట్లు ఎక్కింది. ఒక్కో మెట్టు. వెనక పాట లేదు, పిడుగులు లేవు. కర్రల చప్పుడు మాత్రమే. నేను శాలువాతో కళ్ళు తుడుచుకున్నాను. సినిమాలో నేను ఏడవడం చాలా అరుదు.

ఆ మధ్యాహ్నం నేను చెప్పిన తీరు ఇప్పటికీ మా గల్లీలో చెప్పుకుంటారు. నరుకుళ్ళు రెండు మాటల్లో తేల్చేసి, ముసలామె మెట్లు ఎక్కడం మాత్రం మెట్టు మెట్టుకూ చెప్పాను. కూర తుంచే చేతులు ఆగిపోయాయి. కిటికీ లోపల నుంచి ఒక్కసారి కూడా "గట్టిగ చెప్పు" అని వినబడలేదు. చూడదగ్గదే అన్నాను.

మర్నాడు పొద్దున నేను టీ పెడుతుంటే లోపల నుంచి కేక.

"పిల్లా! గా ఇనుప కుర్సీ తియ్యి ఇటు."

వాకర్‌ను ఆమె అట్లా పిలుస్తుంది. పరుగెత్తాను.

"ఏందే, ఏమైంది?"

"ఏం గాలే. ఆమె కోర్టు మెట్లెక్కింది. నేను గీ వంటింటి దాంక రాలేనా? పట్టుకోకు. పక్కపొంటి ఉండు, గంతే."

మంచం నుంచి గుమ్మం దాకా నాలుగు అడుగులు వేసింది. మూడోరోజు వంటింటి దాకా. ఆదివారం నాటికి ముందు గది చుట్టి వచ్చి కూర్చుని, నేను చేసిన పప్పులో ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పగలిగింది. ఫిజియోథెరపీ అమ్మాయి తన మాటే పనిచేసిందని మురిసిపోయింది. నేను కాదనలేదు.

సోమవారం పొద్దున గేటు దగ్గర కూరగాయల బండి ఆగితే వంకాయలు ఏరుతున్నాను. టీచరమ్మ వచ్చి పక్కన నిలబడింది. ముఖం అదోలా ఉంది.

"అక్కయ్యగారూ, నిన్న మేము ఆ సినిమాకి వెళ్ళామండి. మీరు చెప్పారు కదా అని."

"మంచిగున్నదా?"

"అందులో ముసలావిడ లేదండి."

"లేకపోవుడేంది? నువ్వు నిద్రపోయినట్టున్నవ్."

"నిద్రా! ఆ చప్పుడుకి నిద్రెలా పడుతుందండీ? సముద్రంలో పడేశాక ఓ పడవవాడు తీస్తాడు. మళ్ళీ నరకడమే. కోర్టు లేదు, కొండ లేదు. మావారైతే ముసలావిడ ఎప్పుడొస్తుందని చివర పేర్లు పడేదాకా లేవనివ్వలేదండి."

వంకాయలు బండిమీదే వదిలేసి లోపలికి పోయి మనవరాలిని నిద్రలేపాను. జరిగింది చెప్పాను. అది ఫోను తీసి ఏవో బొమ్మలు చూపించింది. గడ్డపాయన ఒకడు. ఇంకో గడ్డపాయన. పక్కపక్కన పెడితే వేరే మనుషులే.

"నానమ్మా, నీ స్క్రీన్ మూడు. ఇంటర్వెల్ అయినంక నాలుగుల కూసున్నవ్. రెండు సినిమాలు సగం సగం చూసినవ్!" అని మంచం మీద పొర్లి పొర్లి నవ్వింది. "మళ్ళ రెండు కలిపి అతుకేసినవ్. డైరెక్టర్లకు గూడ రాదు గిట్ల!"

"నోర్మూయ్. పక్కగదిల వదినె ఇంటది."

నాకు నవ్వు రాలేదు. అరవై ఏళ్ళుగా లేనిది కలపని నోరు ఇది. అంతకన్నా పెద్ద బెంగ పక్క గదిలో ఉంది. ఆ ముసలామెను నమ్ముకుని మంచం దిగిన మనిషికి, ఆ సినిమాలో అట్లాంటి ముసలామె లేదని తెలిస్తే? మళ్ళీ మంచం ఎక్కితే ఈసారి ఎవరు దింపుతారు?

టీచరమ్మ నా వెనకే లోపలికి వచ్చి గుసగుసగా అంది. "చెప్పకండి అక్కయ్యగారూ. ఆవిడ నడుస్తున్నారు కదా. మన ఆడవాళ్ళందరికీ నేను చెబుతాను, ఎవరూ నోరెత్తరు."

ఆ మాట తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఉన్న మాటలంటే నాకు మొదటినుంచీ అనుమానం. పది నోళ్ళు మూయించడం అయ్యే పనేనా? రేపు పూలు కట్టే ఆమె నవ్వుతూ కిటికీలో తల పెట్టి చెప్పేస్తే, అప్పుడు నా మాటా పోతుంది, ఆమె నడకా పోతుంది. పైగా ఆమె నా కళ్ళతో సినిమా చూస్తోంది. అందులో మోసం చేస్తే పాపం.

పోయి మంచం అంచున కూర్చున్నాను. ఆమె వాకర్ పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది. అంతా చెప్పాను. మూడో స్క్రీను, నాలుగో స్క్రీను, సర్వపిండి, గడ్డాలు. ఏదీ దాచలేదు.

వాకర్ మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. నేను లేచి పట్టుకుందామని చేతులు చాపాను.

"ఆగు" అంది. "గా ముసల్ది మెట్లెక్కిందా లేదా?"

"ఎక్కింది. నా కండ్లార చూసిన."

"ఏ స్క్రీన్ల?"

"నాలుగుల."

"నాలుగుల ఎక్కితే ఏంది, మూడుల ఎక్కితే ఏంది. ఎక్కింది గద."

నా గుండె మీది బరువు దిగింది. కానీ ఆమె వదల్లేదు. తల పక్కకు వంచి నన్ను చూసింది.

"ఇగో పిల్లా. ఆమె కాలు ఎట్ల ఇరిగింది?"

"నాకేమెరుక? అది మొదటి సగంల ఉంటది. నేను చూడలే."

"ఎరుక లేకుండనే ఎనిమిది దినాల సంది నన్ను నడిపిచ్చినవా? పడ్డదా? ఎవలన్న నూకిండ్రా? బాయిల వడ్డదా?"

"చెప్తున్న గద, చూడలే అని!"

"అయితే నేనే పోయి చూస్తా."

ఏడాదిన్నరగా గడప దాటని మనిషి. మనవరాలు ఫోను చూసి, ఆ సినిమా గురువారం దాకానే ఉందని, అదీ పొద్దున ఒక్క ఆటేనని చెప్పింది. ఇది కూడా ఇప్పటి సినిమాల్లో నాకు నచ్చని గుణం. వెనకటికి ఒక సినిమా వస్తే మూడు నెలలు ఉండేది. పంట కోసి, అమ్మి, అప్పుడు తీరిగ్గా చూసేవాళ్ళం. ఇప్పుడు సినిమాలు వానపురుగుల్లా వచ్చి పోతాయి. మూడు రోజుల్లో మా వదినెకు మెట్టు ఎక్కడం నేర్పించాలి. ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగితే, ముందు గుమ్మం మెట్లు రెండూ ఎక్కి దిగితే పంపుతానంది. మంగళవారం ఒక మెట్టు. బుధవారం రెండు. ఆడవాళ్ళంతా జాగాలో కూర్చుని చప్పట్లు కొడుతుంటే మా వదినె విసుక్కుంది. "నేనేమన్న సర్కస్ చేస్తున్ననా? మీ కూర మీరు తుంచుండ్రి."

గురువారం పొద్దున మాకోసమే ఒక ఆటో మాట్లాడాను. షేర్ ఆటోలో వాకర్ పట్టదు. మా వదినె జరీ అంచు చీర కట్టింది. "పెండ్లికి పోతున్నవా?" అంటే, "నీ లెక్క శాలువ కప్పుకొని దొంగలెక్క పోవాల్నా?" అంది. మల్టీప్లెక్స్‌లో లిఫ్ట్ ఉంది. తలుపు దగ్గర సంచులు వెతికే అమ్మాయి ఆమె నడకను చూసి కుర్చీ తెస్తానంది. వద్దంది. నాలుగో స్క్రీను దాకా మెత్తటి తివాచీ మీద, మధ్యలో రెండుసార్లు ఆగి, తానే నడిచింది. నేను తలుపు మీది అంకెను రెండుసార్లు చదివాను. మెట్లు లేని వరుసలోనే సీట్లు తీయించాను.

సినిమా మొదలైంది. కాసేపటికి మా వదినె నా చెయ్యి గిల్లింది. "చలి." శాలువా సగం ఆమెకు కప్పాను. నవ్వలేదు, నవ్వితే మాట పెరుగుతుంది.

ఇంటర్వెల్‌కు కొంచెం ముందు, ముసలామె కాలు ఎట్లా విరిగిందో తెలిసింది. గడ్డపాయనే విరగ్గొట్టాడు. రాత్రి జీపు తోలుకుని పోతూ ఆమె గుడిసె ముందు ఆమెను గుద్దేశాడు. దిగి చూశాడు. భయపడి పారిపోయాడు. తర్వాత పశ్చాత్తాపంతో వచ్చి, ఏమీ ఎరగనట్టు ఆమెకు కట్టెలు కొట్టి, అన్నం తినిపిస్తున్నాడు. సరిగ్గా ఆ రాత్రే ఇంకోచోట ఖూనీ జరిగింది. అతను గుడిసె ముందు ఉన్నాడని ఆమెకు తెలియడం అందుకే. ఆమె కాలు విరగ్గొడుతూ ఉన్నాడు కాబట్టే తెలుసు. కిందపడి చూసిన ఆ ఒక్క చూపులో పోల్చుకుంది.

నేను నోరు తెరిచి ఉండిపోయాను. రెండో సగం మాత్రమే చూసి ఆమెను అతని కన్నతల్లి అనుకున్నాను. ఎంత పెద్ద కథను ఎంత చిన్నది చేసి చెప్పాను! ఇంటర్వెల్‌లో నేను సీటు నుంచి కదల్లేదు. సర్వపిండి అక్కడే కూర్చుని, ఎవరేమనుకున్నా సరే అనుకుని, ఇద్దరం తిన్నాం. రెండో సగంలో కోర్టు మెట్ల మీద కర్రల చప్పుడు మళ్ళీ వినబడినప్పుడు, నేను తెర వైపు కాక పక్కకు చూశాను. మా వదినె ఏడవడం లేదు. దవడ బిగించి, కోపంగా చూస్తోంది.

ఆటోలో కూర్చున్నాక మొదలైంది.

"పిచ్చి ముసల్ది. కాలు ఇరగ్గొట్టి ఉరికినోని కోసం మెట్లెక్కుడా?"

"వాడు ఖూనీ చెయ్యలే గద వదినె. చెయ్యనిదానికి ఉరేస్తరా?"

"వెయ్యొద్దు. కని కాలు ఎవలు ఇరగ్గొట్టిండ్రో గది గూడ జడ్జికి చెప్పాలె. దాచింది. సగమే చెప్పింది. సగం చెప్పేటోళ్ళంటే నాకు ఎట్లుంటదో నీకెరుక."

"నన్నంటున్నవా?"

"నిన్ను కాదు, ఆమెను. నిన్ను గూడ."

ఆటో అతను కర్మన్‌ఘాట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి వెనక్కి తిరిగాడు. "ఏ సినిమా అమ్మా?" అన్నాడు. ఇద్దరం ఒక్కసారే "నువ్వు ముందటికి చూసి నడుపు!" అని అరిచాం. ముసలామె క్షమించిందని నేను. క్షమించడం కాదు, వాడు వండి పెడుతున్నాడు కాబట్టి పోగొట్టుకోవడం ఇష్టంలేక చేసిందని మా వదినె. నేను చూడనిది ఆమె చూసింది. అన్నం తినిపిస్తున్నప్పుడు ముసలామె అతని చేతిని ఒకసారి గట్టిగా పట్టుకుంటుందట. అది ప్రేమ కాదు, నువ్వెవరో నాకు తెలుసన్న పట్టు అట. రెండుసార్లు చూసినా నాకు కనబడలేదు. ఏడాదిన్నరగా నేను చెప్పింది తలాడిస్తూ విన్న మనిషి, ఇప్పుడు నా ప్రతి మాటకూ అడ్డం పడుతోంది. ఒళ్ళు మండింది. ఆ మంట ఎంత బాగుందో చెప్పలేను.

ఇంటి ముందు ఆటో ఆగింది. నేను చిల్లర కోసం సంచీ వెతుకుతూనే వాదిస్తున్నాను. "గట్లయితే కోర్టుల ఆమె కండ్లల్ల నీళ్ళెందుకొచ్చినయ్? చెప్పు!" తిరిగి చూస్తే పక్కన ఎవరూ లేరు. వాకర్ టకటకమంటూ గేటు దాటింది. బండ్లు పెట్టే జాగా దాటింది. గుమ్మం మెట్లు రెండూ ఎక్కేసింది. చెయ్యి అందించాలన్న సంగతి నాకూ గుర్తులేదు, అడగాలన్న సంగతి ఆమెకూ గుర్తులేదు.

గుమ్మంలో నిలబడి, వాకర్‌ను నా వైపు తిప్పి, వీధంతా వినబడేట్టు అరిచింది.

"కాలు నొచ్చి వచ్చినయ్ నీళ్ళు! మెట్లెక్కినోళ్ళకు తెలుస్తది పిల్లా, కూసొని చూసేటోళ్ళకేం తెలుస్తది?"